పళ్ళెంలో మిగిలిన సూది

జేబులో ఉందా, ఉంది. చొక్కా జేబులో, కాగితంలో చుట్టి, ఆ కాగితాన్ని మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి. ఉండాల్సిన చోట లేని వస్తువుని ఇంత పదిలంగా దాచుకుంటే మాత్రం ఎవరికి ఉపయోగం అని తనని తానే తిట్టుకుంటూ ఇంజన్ల మేస్త్రి మళ్ళీ జేబు తడుముకున్నాడు. గోరంత ఇత్తడి సూది, ఒక కొన సన్నగా చెక్కినది. ఇది ఇక్కడ జేబులో ఉందంటే అరిగిపోయిన పాత సూది అక్కడ, నదికి అవతల, ఆడపిల్లల బడి మైదానంలో, గడ్డి కోసే పాత మిషను కార్బురేటర్లో కూర్చుని ఉందన్నమాటే. బస్సు చూస్తే వంతెనకి ఇవతలే ఆగిపోయింది. వంతెన సగం తవ్విపోశారు, మిగిలిన సగం మీద కాసేపు అటువాళ్ళు, కాసేపు ఇటువాళ్ళు. డ్రైవరు ఇంజన్ ఆపేసి స్టీరింగు మీద మోచేతులు ఆనించి, తన కొంపేమీ మునగనట్టు నీళ్ళు తాగుతున్నాడు. నిజమే, ఆయన కొంపేం మునగదు. తొమ్మిదీ ముప్పై ఆరు. పదింటికి డ్రిల్లు టీచరమ్మ మిషను తాడు లాగుతుంది.

పదీ ఒకటికి లాగదు, తొమ్మిదీ యాభై తొమ్మిదికీ లాగదు. రిటైరై పద్నాలుగేళ్ళయినా ఆవిడ ఒంట్లో ఇంకా బడి గంటే కొడుతూ ఉంటుంది. ఆ మైదానంలో గడ్డి కొయ్యమని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు, అనే ధైర్యం ఎవరికుంది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు ఆవిడ ఈల విని పరిగెత్తినవాళ్ళే. ఆదివారం బడి మూసి ఉంటుంది కాబట్టి ఆదివారమే కోస్తుంది, తడి ఉంటే గడ్డి బ్లేడుకి అతుక్కుంటుంది కాబట్టి మంచు ఆరేదాకా ఆగి పదింటికి కోస్తుంది. ఫోను మైదానానికి తీసుకెళ్ళదు, ఇంట్లో సొరుగులో పెట్టి వెళ్తుంది, పిల్లలకి ఏ నియమమో తనకీ అదే నియమం. మేస్త్రి ఏడుసార్లు చేశాడు. ఏడుసార్లూ ఆ సొరుగులో మోగి మోగి ఆగిపోయి ఉంటుంది. ఎనిమిదోసారి చేశాడు. పక్క సీటాయన విసుగ్గా చూశాడు. చూడనీ.

అసలు జరిగేదేమిటి, ఒకసారి నిదానంగా ఆలోచించు, కంగారు పడకుండా ఆలోచించు అని తనకి తానే చెప్పుకున్నాడు. ఎవరికైనా చెప్పాలంటే ఇంటి మీద నీళ్ళ ట్యాంకుతో చెప్తాడు. నీళ్ళు నిండగానే బంతి తేలి పంపు మూసేస్తుంది చూడు, కార్బురేటర్లోనూ అంతే, పెట్రోలు గిన్నెలో ఇత్తడి డొల్ల తేలుతుంది, అది పైకి లేచి సూదిని రంధ్రంలోకి నెడుతుంది, పెట్రోలు ఆగిపోతుంది. సూది కొన అరిగి గాడి పడితే రంధ్రం సరిగ్గా మూసుకోదు. గిన్నె నిండుతుంది, నిండి పొర్లుతుంది. పొర్లితే ఏమైంది, మామూలు మిషనైతే నేల మీద కారుతుంది, వాసనొస్తుంది, తిట్టుకుంటాం. కానీ అరవయ్యేళ్ళ కిందట ఆ మిషను గీసిన మహానుభావుడెవరోగాని సైలెన్సర్ని తీసుకొచ్చి సరిగ్గా కార్బురేటర్ కింద పెట్టాడు. చల్లగా ఉన్నంతసేపు ఫరవాలేదు. స్టార్టు చేసి ఒక నాలుగు వరసలు కోసేసరికి సైలెన్సర్ కాలిపోతూ ఉంటుంది, పైనించి చుక్క చుక్క పెట్రోలు. వెనకాల హేండిలు పట్టుకుని, వంగి, డెబ్భై రెండేళ్ళ మనిషి, నూలు చీర కొంగు నడుముకి బిగించి. నిదానంగా ఆలోచించడం అక్కడితో అయిపోయింది.

నిన్న స్టార్టు చేసి చూశాడు కదా. చూశాడు, చూడకేం. మధ్యాహ్నం కొత్త సూది వేసి పది నిమిషాలు నడిపితే ఒక్క చుక్క కారలేదు, గోడకి ఆనుకుని ఆ చప్పుడు వింటుంటే కడుపు నిండిపోయింది. ఆ సూది కోసం ఎనిమిది నెలలు తిరిగాడు మరి. ఆ మిషను చేసిన కంపెనీ మూతపడి ఎన్నాళ్ళో, తుక్కు కొట్లవాళ్ళని అడిగితే మొత్తం మిషనే తుక్కులో వెయ్యమన్నారు. పొరుగూరి నించి ఒకాయన పోస్టులో పంపిన సూది వెంట్రుకవాసి పొడుగు. లేతు మిషను మీద చేయించి చూశాడు, కొన సరిగ్గా కుదరలేదు, లేతు పనివాడేమో కుదరకపోవడం నీ కార్బురేటర్ తప్పే గాని నా తప్పు కాదని దబాయించాడు. ఆఖరికి ఎక్కడ దొరికింది, మూలపడ్డ ఇటుక బట్టీలో, తుప్పు పట్టిన నీళ్ళ పంపుకి ఇదే కార్బురేటర్. గిన్నెనిండా గట్టిపడ్డ బురద, దాన్ని వేణ్ణీళ్ళలో నానబెట్టి విప్పితే లోపల సూది నిన్న చేసినట్టు మెరుస్తూ. ఆ సాయంత్రం ఆసుపత్రి డ్యూటీ నించి వచ్చిన భార్య, తొలి కాన్పులో కొడుకు పుట్టినప్పుడైనా నీ మొహం ఇలా వెలగలేదని దెప్పింది.

అంత దొరికించుకున్నవాడు నడిచిన మిషన్ని వదిలెయ్యకూడదా. వదలడు. వదిలితే మేస్త్రి ఎందుకవుతాడు. సూదిని నెట్టే డొల్ల నాలిక ఇంకొక్క వెంట్రుకవాసి కిందికి వంచితే బావుంటుందనిపించింది, గోకుడు పుట్టింది, మళ్ళీ గిన్నె విప్పాడు. విప్పినవన్నీ తెల్ల పింగాణీ పళ్ళెంలో పెట్టాడు. పళ్ళెం ఖాళీ అయితేనే మూత బిగించాలి, అది కొట్లో చట్టం, అతను పెట్టిన చట్టమే. కానీ నిన్న ఆ పళ్ళెంలో పాత సూది కూడా ఉంది, తుక్కు డబ్బాలో పడెయ్యడానికి మనసొప్పక ఉంచాడు, ఎప్పటికైనా పనికొస్తుందిలే అని. కాబట్టి చివర ఒక సూది మిగిలితే కన్ను అనుమానించలేదు, ఒకటి మిగలాల్సిందే కదా. ఏది మిగిలిందో చూసుకోవాలి. చూసుకునేలోపు ఫోను మోగింది. భార్య. ఆసుపత్రి వరండాలోంచి మాట్లాడుతోంది, గొంతు తగ్గించి. మీ తమ్ముడు కనిపించాడు, ఎవరికో రక్తం ఇవ్వడానికి వచ్చాడు, అన్నయ్య ఎలా ఉన్నాడు వదినా అని అడిగాడు అంది.  అతను ఫోను పెట్టేశాడు. ఆ తరవాత చెయ్యి ఏ సూది తీసిందో అతనికి తెలియదు, ఇప్పటికీ గుర్తు రాదు, గుర్తు తెచ్చుకోబోతే వదినా అన్న మాటే వినిపిస్తుంది. బయట మిషను తీసుకెళ్ళడానికి వచ్చిన లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. దారిలో ఒలకకుండా టాంకు ఖాళీ చేశాడు, పెట్రోలు కుళాయి కట్టేశాడు, మిషను ఎక్కించేశాడు. టాంకులో పెట్రోలు లేకపోతే ఏ సూదైనా కారదు మరి.

ఇవాళ ఆదివారం, కొట్టు తెరవక్కర్లేదు, బల్ల తుడుచుకుందామని వెళ్ళాడు. తొమ్మిదింపావు. పళ్ళెంలో సూది తీసి కిటికీ వెలుగులో పెట్టి గోటితో కొన మీద రాశాడు. పాతదైతే గోరు గాడిలో ఆగాలి. జారింది. మళ్ళీ రాశాడు, మళ్ళీ జారింది. కొత్తది ఇదే. చీపురు ఎక్కడ పడేశాడో, కొట్టుకి తాళం వేశాడో లేదో, వేసే ఉంటాడు. స్కూటరు ఉండాలి కదా, ఉంది, ముక్కలు ముక్కలుగా అరల మీద ఉంది, ఊళ్ళో అందరి బళ్ళూ బాగుచేసేవాడి బండికి మూడేళ్ళ నించి మోక్షం లేదు. ఎదురుగా బస్సు కనిపిస్తే ఎక్కేశాడు.

బస్సు ఒకసారి గుర్రుమని కదిలింది. నాలుగు గజాలు. ఆగింది. తొమ్మిదీ నలభై మూడు. దిగి పరిగెడితే ఎంతసేపు, వంతెన అవతల ఇంకా నాలుగు మైళ్ళుంది, యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు, దారిలోనే కూలబడితే ఆ ఉన్న ఒక్కడూ ఉండడు. ఫైరువాళ్ళకి ఫోను చేస్తే, ఎక్కడయ్యా మంట అంటారు, ఇంకా అంటుకోలేదండి అనాలి. బడి ఆఫీసుకి చేస్తే ఆదివారం ఎవరెత్తుతారు. భార్యకి చేశాడు, తెలుసు, ఆమె ఫోను పన్నెండు దాకా లాకర్లో ఉంటుంది, కాలినవాళ్ళ వార్డులో ఫోను ఉండకూడదు. ఆ వార్డు. ఒకసారి కేరియరు ఇవ్వడానికి వెళ్ళి తలుపు సందులోంచి చూశాడు, మంచం మీద మనిషి మీద గుడ్డ ఆనకుండా ఇనప చట్రం, చట్రం మీద దుప్పటి, కింద మనిషి. స్టవ్ పేలిందిట. ఆ రాత్రి అన్నం తింటూ తింటూ భార్య చెయ్యి ఆపి, ముసలివాళ్ళయితే పదిహేను శాతం కాలినా కష్టమే అని మామూలుగా చెప్పింది, వాళ్ళకి అది మామూలే. అతను ఆ చట్రాన్ని తలలోంచి నెట్టేశాడు. నెట్టేస్తే పోతుందా. ఆ దుప్పటి కింద నూలు చీర కొంగు కనిపించింది.

ఇంకెవరూ లేరా. ఉన్నాడు. ఎందుకు లేడు. బస్సెక్కిన దగ్గర్నించీ ఉన్నాడు, కాదు, గోరు జారిన క్షణం నించీ ఉన్నాడు. బడి వెనక రెండో సందులో పంపుల రిపేరు కొట్టు, ఆదివారం కూడా తెరిచే ఉంటుంది, కావాలంటే మూడు నిమిషాల్లో మైదానంలో ఉంటాడు, పరిగెడితే రెండు. ఎప్పుడూ పరిగెత్తేవాడే వాడు. నెంబరు కూడా ఉంది. మూడేళ్ళ కిందట భార్య ఈ ఫోను లాక్కుని మరిది అని ఎక్కించింది, తీసెయ్యమంటే, ఉండనీ, కరుస్తుందా అంది. కరవలేదు, పడి ఉంది. దాన్ని దాటుకుంటూనే మూడేళ్ళుగా మిగతా నెంబర్లన్నీ వెతుక్కుంటున్నాడు.

ఏమని చెయ్యాలి. పదకొండేళ్ళ తరవాత ఏ మొహం పెట్టుకుని. ఆరోజు కొట్లో పదిమంది ఉన్నారు, మందు కొట్టే పంపు బాగుచేసి పంపాక పళ్ళెంలో ఒక పీచు వాషరు మిగిలింది. తమ్ముడు బిగించిన పంపు అది. అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళెం ఎత్తి వాడి మొహం ముందు పెట్టి ఇదేమిట్రా అన్నాడు. వాడు ఏదో చెప్పబోయాడు. చెప్పనిచ్చాడా. నీ చేతికి బుద్ధి లేదు, ఇవాళ వాషరు, రేపు ఎవణ్ణో చంపుతావు, నా గడప తొక్కకు అన్నాడు. పెళ్ళయి పిల్లలున్నవాణ్ణి పదిమందిలో తల కొట్టేసినట్టు చేశాడు. వాడు చేతులు తుడుచుకుని, తుడుచుకున్న గుడ్డ మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మడవడం చూస్తే ఇంకా ఒళ్ళు మండింది.

అంతేనా, అంతేనా, ఇంకేం లేదా. ఉంది. ఎవరికీ చెప్పనిది, భార్యకి కూడా చెప్పనిది. నెల తిరక్కుండా అదే పంపు సామాను కట్ట ఇంకొకటి విప్పితే అందులో రెండు వాషర్లున్నాయి. ఒకటి వెయ్యడానికి, ఒకటి అదనం. వాడు చెప్పబోయింది అదే. వాడు దేన్నీ మరిచిపోలేదు. ఆ సంగతి తెలిసిన రోజే వాడి దగ్గరికి వెళ్ళి చెప్పి ఉంటే, ఒరేయ్ నాదే తప్పురా అని ఉంటే, అయిదు నిమిషాల మాట. రేపు చెబుదాం అనుకున్నాడు. రేపు రేపంటూ నెలలు అయ్యాయి, ఏళ్ళయ్యాయి, చెప్పడానికి ఎంత ఆలస్యమైతే చెప్పడం అంత కష్టమైపోయింది. ఆఖరికి తప్పు వాడిదే అన్నట్టు తనే నమ్మడం మొదలుపెట్టాడు, నమ్మితే హాయిగా ఉంటుంది మరి.

తొమ్మిదీ నలభై తొమ్మిది. అవతలినించి ఇంకా బళ్ళు వస్తూనే ఉన్నాయి, ట్రాక్టరు, పాల వ్యాను, ఎవడో సైకిలు మీద నిచ్చెన పెట్టుకుని తాపీగా. ఒకవేళ ఆవిడ ఇవాళ ఆలస్యంగా వస్తే. రాదు. ఒకవేళ పెట్రోలు తేవడం మరిచిపోతే. మరవదు. ఒకవేళ పాత సూదే అయినా నాలుగు రోజులు ఆగుతుందేమో, ఇన్నేళ్ళూ దానితోనే కదా నడిచింది, మరి నడిస్తే ఆవిడ నీ దగ్గరికెందుకు తెచ్చింది, నేల తడుస్తోందయ్యా అని కాదూ. పైగా ఇప్పుడు డొల్ల నాలిక వంచి కొత్త సూదికి సరిపెట్టావు, పాతదాని మాట చెప్పనే అక్కర్లేదు, కుళాయి తిప్పితే ధారే. అన్నీ తెలుసు నీకు. ప్రపంచంలో ఇంకెవరికీ తెలియనంత బాగా తెలుసు. తెలిసి కిటికీ పక్కన కూర్చున్నావు. ఫోను చేతిలో చెమటకి జారుతోంది. మరిది. నొక్కితే చాలు. వాడు నవ్వుతాడు. నవ్వకపోయినా, ఎవరన్నయ్యా చంపేది అంటాడు. ఆ ఒక్క మాట వినడానికి సిద్ధంగా లేక, ఇంకో రెండు నిమిషాల్లో బస్సు కదులుతుందేమో, కదిలితే తనే వెళ్ళి ఎవరికీ తెలియకుండా కుళాయి కట్టేసి, సూది మార్చేసి, ఏదో చిన్న సర్దుబాటండీ అని నవ్వేసి వచ్చెయ్యచ్చేమో. అదీ లోపలున్న సంగతి. ఎవరికీ తెలియకుండా. ఇంతసేపూ బస్సులో కూర్చున్నది ఆ ముసలావిడ కోసం కానే కాదు. ఆ ఆలోచన తగిలేసరికి తన మీద తనకే ఒళ్ళంతా అసహ్యం వేసింది. వేలు దానంతటది నొక్కింది, తొమ్మిదీ యాభై ఎనిమిది.

రెండు మోతలకే ఎత్తాడు. హలో అనలేదు. వెనకాల ఏదో మోటారు తిరుగుతోంది, అది ఆగింది. తమ్ముడు వింటున్నాడని ఊపిరిని బట్టి తెలిసింది. మేస్త్రి నోట్లోంచి అంతా ఒక్కసారిగా ఒకదాని మీద ఒకటి పడింది, మిషను, సూది, నేనే, నేనే మార్చేశాను, సైలెన్సర్ కింద ఉంటుంది, పదింటికి, టీచరమ్మ. పక్క సీటాయన తల పూర్తిగా తిప్పి చూశాడు.

"కుళాయి ఎటు తిప్పితే మూసుకుంటుంది?" అన్నాడు తమ్ముడు.

"ఎడమకి. గట్టిగా ఉంటుందిరా, లోపల కొత్త కార్కు బిళ్ళ వేశాను."

ఫోను కట్టయిపోయింది. అంతే. నవ్వలేదు, ఆ మాట అనలేదు. మేస్త్రి ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాడు. బస్సు అప్పుడు కదిలింది, ఇదేదో ముందే కదలచ్చుగా. వంతెన మీద చక్రాలు గతుకుల్లో పడి లేస్తుంటే ఒక్కో గతుక్కీ లెక్క వేశాడు, ఇప్పుడు సందు చివర ఉంటాడు, ఇప్పుడు గేటు దగ్గర, గేటుకి తాళం ఉంటే గోడ దూకుతాడు, వాడికీ నలభై తొమ్మిది, దూకగలడా. పది. పదీ రెండు. ఇప్పుడు తాడు లాగి ఉంటుంది. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఫోను ఉన్న ఇద్దరు మనుషులూ ఎత్తరు, ఒకరిది సొరుగులో, ఇంకొకడిది, వాడిది ఎక్కడ. వాడి చేతులు ఎక్కడ. అప్పుడు కొత్త భయం పట్టుకుంది, ఇంతసేపూ రానిది ఇప్పుడొచ్చింది. అప్పటికే కారుతుంటే, వాడు వంగి కుళాయి మీద చెయ్యి వేసిన క్షణంలో అంటుకుంటే. ఇద్దర్నీ.  లేచి ఫుట్‌బోర్డు మీదికి వెళ్ళి నిలబడ్డాడు, కండక్టరు కసిరాడు, కసరనీ.

పదీ పదమూడుకి దిగాడు. దిగి పరిగెత్తాడు, మోకాళ్ళు ఎవరివో అన్నట్టు పరిగెత్తాడు. గోడ పైన పొగ లేదు. మంట చప్పుడు లేదు, ఇంజను చప్పుడు కూడా లేదు. గేటు తెరిచే ఉంది.

మైదానం మధ్యలో మిషను నిలబడి ఉంది. దాని వెనక ఒక వరస గడ్డి కోసి ఉంది, రెండోది సగం. అంటే స్టార్టు చేసింది, ఒకటిన్నర వరస నడిచింది. తమ్ముడు మిషను పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు, చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి, వెనక గోడ దూకినప్పుడు గీసుకుపోయిందేమో మోకాలి దగ్గర పేంటు చిరిగి. జుట్టు సగం తెల్లబడింది. తెల్లబడుతుందని మేస్త్రి ఎప్పుడూ అనుకోలేదు. కార్బురేటర్ కింద సైలెన్సర్ మీద తడి మెరుస్తోంది, దాని కింద గడ్డి తడిసి నల్లబడింది, పెట్రోలు వాసన అంత దూరానికే ముక్కులో కొట్టింది. టీచరమ్మ నాలుగడుగుల అవతల నిలబడి ఉంది, ఎవరో లాగేసిన చోట నిలబడ్డట్టు, కొంగు నడుముకి బిగించే ఉంది. చేతి మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి, తమ్ముడు లాగిన గుర్తులు. మేస్త్రి అక్కడే ఆగిపోయాడు. ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు. ఏడుపొచ్చింది, ఆపుకున్నాడు, ఆగలేదు.

తమ్ముడు ఏడుపు వంక చూడలేదు. కుళాయి వంక చూస్తూ అడిగాడు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం నోటి చివరే ఉంది, ఇప్పుడే, బస్సులో జేబు చూసుకుంటే తెలిసింది, తెలిసిన వెంటనే నీకు చేశాను. బస్సులో కూర్చుని ఇది కూడా ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నాడని అప్పుడే అర్థమైంది.

"తొమ్మిదింపావుకి," అన్నాడు.

తమ్ముడు లెక్క వేసుకున్నాడు, పెదవులు కదిలాయి. ఎంతైందో వేసుకున్నాక మొహంలో కోపం రాలేదు, వస్తే బావుండేది. లేచి నిలబడి చేతులు గడ్డికి రాసుకున్నాడు.

"నాతో కాదు. ఆవిడతో చెప్పు."

మేస్త్రి టీచరమ్మ వైపు తిరిగాడు. ఆవిడకి సగమే అర్థమైంది, మిగతా సగం కోసం చూస్తోంది. అతను కళ్ళు తుడుచుకోకుండానే చెప్పాడు. మీ మిషన్లో అరిగిన సూది నేనే పెట్టానమ్మా, మంట లేస్తుందని తొమ్మిదింపావుకే నాకు తెలుసు, వీడు ఇక్కడే రెండు సందుల అవతల ఉన్నాడనీ తెలుసు, వీడితో మాట్లాడాల్సొస్తుందని నలభై నిమిషాలు బస్సులో ఊరికే కూర్చున్నాను. ఇంకేమీ కలపలేదు, ఎందుకో చెప్పలేదు.

ఈల వేస్తే మైదానం అవతలి పిల్లలు కూడా ఉలిక్కిపడే ఆ మనిషి, ఎదురుగా ఉన్నవాళ్ళకి కూడా వినపడీ వినపడనట్టు అడిగింది.

"మీ ఇద్దరికీ మాటల్లేకపోతే, మధ్యలో నేనేం చేశాను నాయనా?"

తమ్ముడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. మేస్త్రి ఆవిడ చేతి మీది ఎర్రటి గుర్తుల్ని చూస్తూ నిలబడ్డాడు.